భుజానికీ తుపాకీ మడమకీ మధ్య

తాతల నాటి పన్నెండు బోరు జోడు గొట్టాల తుపాకి వారసత్వంగా వచ్చిన ఇళ్లు గోదావరి జిల్లాల్లో ఇంకా ఉన్నాయి. నీటిపిట్టల వేట నేరం కాని రోజుల్లో బర్మింగ్‌హామ్‌లో తయారై ఓడెక్కి వచ్చినవి కొన్ని, ఆ తర్వాత మన ఆయుధ కర్మాగారాల్లో తయారైనవి కొన్ని. 1972లో వన్యప్రాణి సంరక్షణ చట్టం వచ్చింది, 1999లో కొల్లేరు అభయారణ్యమైంది. వేట ముచ్చట అంతటితో ముగిసింది, ముగియడమే మంచిదైంది. తుపాకి మాత్రం 1959 నాటి ఆయుధాల చట్టం కింద లైసెన్సుతో ఆత్మరక్షణ కోసం కొందరి బీరువాల్లో ఉంది, బ్యాంకు గుమ్మంలో కాపలాదారు చేతిలో ఉంది, గాల్లోకి విసిరిన క్లే టార్గెట్లను కొట్టే ట్రాప్ క్రీడలో ఉంది. ఎవరు పేల్చినా కొత్తలో చెప్పే మాట ఒకటే: భుజం కమిలింది. విన్నవాళ్లు ఇచ్చే సలహా కూడా ఒకటే: మడమకి తోలు మెత్త తొడిగించు, అంగుళం మందం ఉన్నదైతే ఇంకా మంచిది. ఈ సలహాలో నిజం సగమే. తొడుగు మెత్తను ఎంచుకునేటప్పుడు చూడవలసింది అది ఎంత మెత్తగా ఉందన్నది కాదు, తుపాకిని ఎంత పొడుగు చేస్తుందన్నది. మనవాళ్ల ఎత్తుకీ మన బట్టలకీ ఆ అంగుళం చాలామందికి మేలు కన్నా కీడే చేస్తుంది. ఈ మాట వింతగా తోచవచ్చు. లెక్క వేసి చూస్తే తోచదు.

తుపాకి వెనక్కి ఎందుకు తన్నుతుందో హైస్కూలు పుస్తకమే చెబుతుంది. గుళ్లు ఎంత ద్రవ్యవేగంతో ముందుకు పోతాయో అంత ద్రవ్యవేగంతో తుపాకి వెనక్కి రావాలి. ఎంత గట్టిగా తన్నుతుందన్నదే మనకు కావలసింది. ఒక మామూలు తూటాలో 32 గ్రాముల గుళ్లు, వాటి వెనక రెండున్నర గ్రాముల వాడ్ (మందుకీ గుళ్లకీ మధ్య అడ్డు) ఉన్నాయనుకుందాం. అవి సెకనుకు 365 మీటర్ల వేగంతో గొట్టం దాటుతాయి. మందు కాలి పుట్టిన వాయువు బరువు గ్రామున్నరకు కాస్త పైనే, అది గుళ్ల కంటే ఇంకా వేగంగా చిమ్ముకుంటూ పోతుంది. అన్నీ కలిపితే ముందుకు పోయే ద్రవ్యవేగం సుమారు 13.5 కిలోగ్రామ్-మీటర్లు సెకనుకు. తుపాకి బరువు 3.2 కిలోలైతే అది వెనక్కి వచ్చే వేగం సెకనుకు 4.2 మీటర్లు. దాని గతిజశక్తి 28 జౌళ్లు, కాస్త పైన. ఏ మెత్త తొడిగినా 13.5 అనే ఆ అంకె వీసమెత్తు తగ్గదు. అది తూటా పెట్టెలో కూర్చున్నప్పుడే ఖాయమైపోయింది. మెత్త చేయగలిగిందల్లా ఆ తన్నును కాస్త ఎక్కువ సేపటి మీద, కాస్త ఎక్కువ చోటు మీద పరచడం.

ఎంత సేపటి మీద అన్నది తెలిస్తే ఆ పని ఎంత కష్టమో తెలుస్తుంది. ముప్పాతిక మీటరు కూడా లేని గొట్టాన్ని గుళ్లు సుమారు 3 మిల్లీసెకన్లలో దాటేస్తాయి. ఆ లోపు తుపాకి వెనక్కి జరిగేది 8 మిల్లీమీటర్లు. తన్ను తగిలిందని నరాల ద్వారా కబురు అంది, కండ బిగుసుకునే ప్రతిచర్యకు తక్కువలో తక్కువ 30 మిల్లీసెకన్లు పడుతుంది, తెలిసి చేసే కదలికకు 150 దాటుతుంది. అంటే పేలాక భుజం చేయగలిగిన సర్దుబాటు ఏమీ లేదు. తుపాకి భుజానికి ఎక్కడ ఆనింది, ఎంత బిగువుగా ఆనింది, ఏ కోణంలో ఆనింది అన్నవి ట్రిగ్గరు నొక్కకముందే తేలిపోవాలి. అలవాటైతే నొప్పి తెలియదనే మాటకు ఇదే జవాబు. అనుభవం వల్ల వచ్చేది తన్నును ఓర్చుకునే బలం కాదు, తుపాకిని ప్రతిసారీ ఒకే చోట ఆనించే నేర్పు. ఆ చోటు కుదరనివ్వని తుపాకి ఎన్నేళ్లు పేల్చినా నొప్పి పెడుతూనే ఉంటుంది. నొప్పి వెనకే ఇంకో చెడ్డ అలవాటు వస్తుంది. తన్ను రాబోతోందని శరీరం ముందే ఊహించుకుని, పేలబోయే క్షణంలో కన్ను మూస్తుంది, భుజాన్ని ముందుకు తోస్తుంది. గురి చెడగొట్టేవాటిలో దీన్ని మించింది లేదు, ఒకసారి పట్టుకుంటే ఒక పట్టాన వదలదు.

ఇప్పుడు మెత్త వల్ల దక్కేదెంతో చూద్దాం. లారీ మీంచి జారవిడిచిన ధాన్యం బస్తాను వీపున అందుకునే హమాలీ మోకాళ్లు కాస్త వంచి దిగుతాడు. ఆగే దూరం పెరిగితే తగిలే బలం తగ్గుతుందని అతనికి లెక్క అక్కర్లేకుండానే తెలుసు. తుపాకి తన్నినప్పుడు భుజం, నడుము దాకా పైశరీరం వెనక్కి ఊగుతాయి. ఆ ఊపు 4 సెంటీమీటర్లు అనుకుంటే, 28 జౌళ్లను ఆ దూరంలో ఆపడానికి సగటున 700 న్యూటన్ల బలం కావాలి. మెత్త అణిగి ఇంకో సెంటీమీటరు కలిపితే ఆ బలం 560కి దిగుతుంది. ఐదోవంతు తగ్గింది. తక్కువేమీ కాదు. అయితే అదే తుపాకిలో 32 గ్రాముల గుళ్లున్న తూటాకు బదులు 28 గ్రాములది వేస్తే గతిజశక్తి 28 జౌళ్ల నుంచి 22 జౌళ్లకు పడిపోతుంది. అది కూడా ఐదోవంతే, పైగా తుపాకి పొడవు వెంట్రుకవాసి మారలేదు. తుపాకీ బరువు 300 గ్రాములు పెంచితే పదోవంతు లోపే తగ్గుతుంది. కాబట్టి భుజం నొప్పి అనగానే మొదట చూడవలసింది తూటా పెట్టె మీద రాసిన గుళ్ల బరువు. పాత ఇంగ్లీషు తుపాకులు చాలావాటికి తూటా గది 65 మిల్లీమీటర్లే ఉంటుంది. అందులో 70 మిల్లీమీటర్ల తూటా వేస్తే లోపల పీడనం పెరుగుతుంది, తన్ను పెరుగుతుంది, తుపాకికే ప్రమాదం. ఖడ్కీ కర్మాగారం ‘శక్తిమాన్’ తూటాలైనా, దిగుమతి సరుకైనా, పెట్టె మీది అంకెనూ గొట్టం మీద చెక్కిన అంకెనూ పోల్చి చూడకుండా మెత్త కొనడానికి బయల్దేరడం తలకిందుల పని.

బరువుకీ గుళ్లకీ ఉన్న ఈ లంకె పాతవాళ్లకు బాగా తెలుసు. బర్మింగ్‌హామ్ తుపాకీ తయారీదారు డబ్ల్యు. డబ్ల్యు. గ్రీనర్ పేరు మీద చలామణీలో ఉన్న సూత్రం ప్రకారం తుపాకి బరువు గుళ్ల బరువుకు 96 రెట్లు ఉండాలి. 32 గ్రాములకు అది 3.07 కిలోలు. మన లెక్కలోని తుపాకి దానికి కాస్త పైన ఉంది, కాబట్టి అది పెట్టే బాధ భరించరానిది కాకూడదు. అమెరికా సైన్యం ఆయుధ పరీక్షలకు పెట్టుకున్న హద్దులు కూడా ఇదే చెబుతాయి. వెనుదన్ను శక్తి (తుపాకి వెనక్కి వచ్చే గతిజశక్తి) 15 అడుగు-పౌండ్ల లోపు, అంటే సుమారు 20 జౌళ్ల లోపు ఉంటే రోజుకు ఎన్ని తూటాలైనా పేల్చవచ్చు. అది దాటి 30 అడుగు-పౌండ్ల దాకా, అంటే సుమారు 41 జౌళ్ల దాకా ఉంటే మనిషికి రోజుకు 200 తూటాలే హద్దు. మన 28 జౌళ్లు ఈ రెండో మెట్టు మీద ఉన్నాయి. ట్రాప్ క్రీడను చూడండి. 2023 హాంగ్‌ఝౌ ఆసియా క్రీడల్లో భారత పురుషుల ట్రాప్ జట్టు స్వర్ణం గెలిచింది, ఆ ముగ్గురిలో హైదరాబాదు ఆటగాడు కైనన్ చెనాయ్ ఒకరు. ఆ పోటీలో అర్హత దశలోనే 125 టార్గెట్లు, ఒక్కోదానికి రెండు తూటాల దాకా వాడవచ్చు. అక్కడ గుళ్ల బరువు 24 గ్రాములకు పరిమితం, తుపాకులు మూడున్నర నుంచి నాలుగు కిలోలు. 3.8 కిలోల తుపాకికి లెక్క కడితే వెనుదన్ను శక్తి 17 జౌళ్ల దగ్గర ఆగుతుంది. మెత్త సంగతి తర్వాత, ముందు తూటా బరువూ తుపాకి బరువూ కలిసి ఆ క్రీడను మొదటి మెట్టు మీద ఉంచుతున్నాయి.

ఇక నా వాదనకు ఆయువుపట్టు లాంటి లెక్క. తుపాకి భుజానికి సెంటీమీటరు దూరంలో ఉండగా పేలిందనుకోండి. 8 మిల్లీమీటర్లు కదిలేసరికే గుళ్లు గొట్టం దాటేశాయి, తుపాకి తన పూర్తి వేగం అందుకుంది. అప్పుడు 3.2 కిలోల కర్రా ఇనుమూ సెకనుకు 4.2 మీటర్ల వేగంతో వచ్చి భుజాన్ని గుద్దుతాయి. గుద్దిన మరుక్షణం భుజంలో ఒక 2 కిలోల భాగం తుపాకితో కలిసి కదలడం మొదలుపెట్టిందనుకుంటే, రెండూ కలిసిన వేగం సెకనుకు 2.6 మీటర్లకు తగ్గుతుంది, మిగిలిన గతిజశక్తి 17 జౌళ్లు. మొదట 28 ఉంది కదా, ఆ మధ్య పోయిన 11 జౌళ్లు ఎక్కడికి పోయాయి? చర్మంలోకి, దాని కింద కండలోకి. కమిలిన మచ్చ అదే. తుపాకి ముందే బిగువుగా ఆని ఉంటే ఆ గుద్దు అసలు జరగదు, భుజం మొదటి మిల్లీసెకను నుంచే తుపాకితో కలిసి వెనక్కి నడుస్తుంది. అంటే మెత్త వల్ల దక్కే ఐదోవంతు కన్నా, కుదురుగా ఆనడం వల్ల దక్కేది ఎక్కువ. మరి కుదురుగా ఆననివ్వకుండా చేసేది ఏది? ముఖ్యంగా అతి పొడుగైన మడమ.

ట్రిగ్గరు నుంచి మడమ చివరి దాకా ఉన్న పొడవు తయారీ తుపాకుల్లో సాధారణంగా 14 నుంచి 14½ అంగుళాలు. తుపాకీ పనివాళ్ల స్థూలమైన అంచనా ప్రకారం 14½ అంగుళాలు 175 నుంచి 180 సెంటీమీటర్ల ఎత్తున్న మనిషికి సరిపోతాయి, 15 అంగుళాలు కావాలంటే 185 దాటాలి. మన దేశంలో వయోజన పురుషుడి సగటు ఎత్తు సుమారు 165 సెంటీమీటర్లు. అతనికి 14 అంగుళాలే సరిపోతాయి, స్త్రీలలో చాలామందికి 13½ లోపు. 14½ అంగుళాల తుపాకికి అంగుళం మెత్త తొడిగితే అది 15½ అవుతుంది. ఆ తుపాకిని 165 సెంటీమీటర్ల మనిషి భుజానికెత్తితే మడమ జత్రుక ఎముక కింద, ఛాతీ కండకూ భుజం కండకూ నడుమ ఉండే పల్లంలోకి రాదు. అక్కడికి లాక్కోవాలంటే చెయ్యి చాలదు. బయటికి జారి, భుజం కీలు మీదో చేతి కండ మీదో నిలుస్తుంది. అక్కడ ఎముక చర్మానికి దగ్గర. మడమ అడుగు సుమారు 50 చదరపు సెంటీమీటర్లు ఉన్నా, గుండ్రని కీలు మీద దానిలో ఒక అంచు మాత్రమే ఆనుతుంది, పీడనం ఎన్నో రెట్లు పెరుగుతుంది. కమలకుండా ఉండాలని కొన్న మెత్తే కమలడానికి కారణమవుతుంది. తొడిగాక నొప్పి తగ్గలేదని ఇంకా మందమైన మెత్త కొనేవాళ్లు ఆ దారిలోనే ఇంకాస్త ముందుకు పోతున్నారు.

ఇక్కడ న్యాయమైన అభ్యంతరం ఒకటుంది. ఇంగ్లీషు తుపాకుల పొడవు మందపాటి ఉన్ని కోటు వేసుకున్న మనుషులకు కుదిర్చినది. అమలాపురంలోనో భీమవరంలోనో మనం వేసుకునేది పల్చటి నూలు చొక్కా. ఆ కోటు మందం లోటుగానే ఉంది కదా, మెత్త దాన్ని పూరిస్తుంది కదా అనవచ్చు. నిజమే, పూరిస్తుంది. కానీ కోటు మందం అర సెంటీమీటరు, మహా అయితే ఇంకాస్త. అంగుళమంటే రెండున్నర సెంటీమీటర్లు. ఈ అభ్యంతరం పావు అంగుళం మెత్తను సమర్థిస్తుంది, ఒడ్డూ పొడుగూ ఉన్నవాళ్లకైతే అర అంగుళాన్ని కూడా. అంగుళాన్ని సమర్థించదు.

పొడవు వల్ల వచ్చే రెండో నష్టం కంటికి సంబంధించింది, దీన్ని పట్టించుకునేవాళ్లు తక్కువ. ఈ తుపాకికి వెనక గురిచూపు ఉండదు, పేల్చేవాడి కన్నే వెనక గురిచూపు. ఆ కన్ను ఎంత ఎత్తున ఉంటుందన్నది బట్టు, అంటే మడమ వైపు చెక్క భాగం, దాని పైఅంచు మీద చెంప ఎక్కడ ఆనుతుందన్న దాన్ని బట్టి ఉంటుంది. ఆ పైఅంచు చదునుగా ఉండదు, వెనక్కి పోయేకొద్దీ కిందికి వాలుతుంది. 9 అంగుళాల దూరంలో సుమారు అంగుళం వాలు అనుకుందాం. మెత్త వల్ల తుపాకి అంగుళం ముందుకు జరిగితే చెంప అంగుళం వెనక ఆనుతుంది. కన్ను అంగుళంలో తొమ్మిదోవంతు, అంటే సుమారు 2.8 మిల్లీమీటర్లు కిందికి దిగుతుంది. కంటికీ గొట్టం కొసన ఉన్న పూసకీ మధ్య దూరం 93 సెంటీమీటర్లు అనుకుంటే, 35 మీటర్ల దూరాన గుళ్ల గుంపు పది సెంటీమీటర్లు కిందికి పోతుంది. భుజం కోసం పెట్టిన మెత్త గురిని జానెడులో సగం దించేసింది. అది చాలక, తొడుగు బిగువుగా లేక ఒక పక్కకు ఒరిగితే మడమ కోణం మారుతుంది. గొట్టం వరస భుజం కంటే ఎత్తున ఉంటుంది గనుక తన్నినప్పుడు తుపాకి మూతి పైకి లేస్తుంది, మడమ కోణం తప్పితే ఆ లేపుతో పాటు బట్టు చెంపను కొడుతుంది. దవడ నొప్పి అని చెప్పేవాళ్లు భుజం మెత్త మార్చి చూడరు, అక్కడే పొరపాటు.

పొడవు సంగతి పక్కన పెట్టి మెత్తదనమే చూద్దామన్నా, మెత్తగా ఉన్నదే మంచిదనే నమ్మకం నిలవదు. ఆ 11 జౌళ్ల గుద్దు మొత్తం మెత్తే పుచ్చుకోవాలి, సెంటీమీటరు అణగాలి అనుకుంటే అది చూపవలసిన నిరోధం 1,100 న్యూటన్లు, 50 చదరపు సెంటీమీటర్ల మీద పరిస్తే ఒక్కో చదరపు సెంటీమీటరుకు 22 న్యూటన్లు. సోఫాలో కూర్చునే నురగ ఇందులో యాభయ్యోవంతుకే అణిగిపోతుంది. అలాంటి మెత్త తుపాకిని భుజానికి బిగించేసరికే అడుగంటుతుంది, తన్ను తగిలేసరికి అందులో మిగిలేది ఏమీ ఉండదు. దుకాణంలో బొటనవేలితో తేలిగ్గా నొక్కగానే దిగిపోయే మెత్త చేతికి హాయిగా అనిపిస్తుంది, కానీ పనికిరాదు. ఆరేడు కిలోల బరువు మోపినంత గట్టిగా నొక్కితేనే దిగి, వేలు తీయగానే ఎగిరిపడకుండా నెమ్మదిగా పైకి రావాలి. నెమ్మదిగా రావడం ముఖ్యం. వెంటనే ఎగిరే మెత్త శక్తిని దాచి తిరిగి ఇచ్చేస్తుంది, నెమ్మదించేది దాన్ని లోపలే వేడిగా మార్చుకుంటుంది. తువ్వాలు మడత పెట్టుకుంటే చాలదా అనే ప్రశ్నకు కూడా ఇక్కడే సమాధానం ఉంది. నూలు మడత బిగించి పట్టుకున్నప్పుడే అణిగిపోతుంది, ప్రతిసారీ వేరే మందంలో కూర్చుంటుంది, పైగా నున్నటి మడమ కింద జారుతుంది.

కాబట్టి కొనేముందు కొలవాలి. ట్రిగ్గరు మీద వేలు పెట్టి మడమను మోచేతి మడతలో ఆనించి చూసే పాత పద్ధతి ముంజేతి పొడవునే కొలుస్తుంది, మెడ పొడవునూ భుజాల వెడల్పునూ మొహం ఆకారాన్నీ లెక్కలోకి తీసుకోదు. మంచి పద్ధతి ఇది. తుపాకి తెరిచి రెండు గొట్టాలూ ఖాళీగా ఉన్నాయని చూసి, మూసేముందు మళ్లీ చూసి, మనుషులు తిరగని వైపు ఎక్కుపెట్టి, రోజూ తొడుక్కునే చొక్కాతోనే భుజానికెత్తాలి. చెంప ఆనించాక బట్టు మెడను పట్టుకున్న చేతి బొటనవేలి మొదలుకీ ముక్కుకీ మధ్య రెండు వేళ్ల వెడల్పు ఖాళీ ఉంటే పొడవు సరిపోయినట్టు. ముక్కు బొటనవేలిని తాకుతుంటే పొట్టి, తన్నినప్పుడు వేలి కణుపు ముక్కునో పెదవినో కొడుతుంది. ఖాళీ నాలుగు వేళ్లు దాటినా, ఎత్తేటప్పుడు మడమ చంక దగ్గర చొక్కాకు తట్టుకున్నా పొడుగు. పొట్టి అని తేలితే మడమ ఆకారంలో కత్తిరించిన అట్టముక్కలు ఒకదాని మీద ఒకటి వెనక అంటించి, టేపు చుట్టి, కుదురుగా ఆనేదాకా మందం పెంచుతూ పోవాలి. ఆ అట్టల మందం ఎంత వచ్చిందో అదే కొనవలసిన మెత్త మందం. ఏమీ అంటించకుండానే పొడుగ్గా ఉందని తేలితే తొడుగు ఆలోచన మానేసి, తుపాకీ మరమ్మతు లైసెన్సు ఉన్న పనివాడి చేత మడమ కోయించి, కోసిన మందం కన్నా పలచనైన స్థిరమైన మెత్త బిగించుకోవాలి.

కోయించడానికి మనసొప్పని తుపాకులుంటాయి. పాత అక్రోటు చెక్కకు రంపం పెట్టించడం ఎవరికైనా కష్టమే, ఆ కష్టాన్ని గౌరవించాలి. తొడుగు మెత్తకు అసలు తావు వేరే ఉంది. తుపాకి కాస్త పొట్టిగా ఉండి కోయనక్కర్లేని చోట అది మంచిది. ఒకే తుపాకిని పొట్టివాళ్లూ పొడుగువాళ్లూ వాడే చోట ఇంకా మంచిది. బ్యాంకులో డ్యూటీ మారే ఇద్దరు కాపలాదారులు, శిక్షణ కేంద్రంలో ఒకే తుపాకి పట్టే విద్యార్థులు ఇలాంటివాళ్లే. పొట్టివాళ్లు తొడుగు లేకుండా, పొడుగువాళ్లు తొడుగుతో పట్టుకుంటే ఇద్దరికీ కుదురుతుంది. దాన్ని కొలత సర్దే పనిముట్టుగా చూస్తే సరైన వస్తువు. నొప్పి మందుగా చూస్తే మోసపోతాం.

ఇంతకీ తోలు ఎందుకు? రెండు మిల్లీమీటర్ల తోలు తన్నును పుచ్చుకోదు, ఆ పని లోపలి రబ్బరుదో ఫెల్టుదో. తోలు చేసేవి రెండు పనులు. ఉత్త రబ్బరు చొక్కాను పట్టేస్తుంది, ఎత్తేటప్పుడు మడమ మధ్యలో ఆగిపోతుంది. తోలు జారి తన చోటికి చేరుతుంది. రెండోది, తోలు సాగకుండా బట్టును పట్టి ఉంచుతుంది, తొడుగు ఒరగకుండా కాస్తుంది. ఆ బలం కొల్లాజెన్ అనే ప్రోటీన్‌ది. మూడు పేటలు తాడులా పెనవేసుకున్న దాని నిర్మాణాన్ని 1954లో మద్రాసు విశ్వవిద్యాలయంలో జి. ఎన్. రామచంద్రన్, గోపీనాథ్ కర్తా ప్రతిపాదించారు. వాళ్లు పరీక్షించిన కంగారూ తోక టెండాన్ నమూనా పక్కనే ఉన్న కేంద్ర చర్మ పరిశోధన సంస్థ నుంచి వచ్చింది. ఆ సంస్థకు కొన్నేళ్ల తర్వాత డైరెక్టరై, తోలు పనిని శాస్త్రంగా నిలబెట్టినవాడు తెనాలి దగ్గరి యలవర్రులో పుట్టిన యలవర్తి నాయుడమ్మ. 1985లో కనిష్క విమాన దుర్ఘటనలో ఆయన్ని పోగొట్టుకున్నాం. ఊళ్లలో చెప్పులు కుట్టేవాళ్ల తోలుకూ ప్రయోగశాలకూ మధ్య ఆయన వేసిన దారి లేకపోతే ఇక్కడ తోలు గురించి చెప్పేవాటిలో కొన్ని మనకు అందేవి కావు.

పచ్చి తోలు కుళ్లకుండా చేయడానికి మన వైపు తంగేడు చెక్కనూ కరక్కాయనూ వాడేవారు. వాటిలోని టానిన్లు కొల్లాజెన్ పేటల మధ్య చేరి నీటిని బయటికి నెట్టి అతుక్కుంటాయి. తంగేడు చెక్కతో శుద్ధి చేసిన దక్షిణాది తోళ్లు ఒకప్పుడు ఓడల మీద ఇంగ్లండు చేరేవి. ఇలా చెట్టు సరుకుతో శుద్ధి చేసిన తోలు బిరుసుగా ఉంటుంది, తడిపి అచ్చు మీద ఆరబెడితే ఆ ఆకారంలోనే నిలుస్తుంది. బట్టుకు తొడిగే భాగానికి కావలసింది అదే. క్రోమియం లవణాలతో శుద్ధి చేసిన తోలు మెత్తన, వేడికి బాగా తట్టుకుంటుంది, కానీ సాగుతుంది. కొన్నాళ్లకు తొడుగు వదులై ఒరుగుతుంది. భుజానికి ఆనే ముఖభాగానికి అది బాగుంటుంది. రెండు రకాలూ కలిపి కుట్టినదీ, పక్కన తోలు తాడుతో బిగించుకునేదీ దొరికితే ఎలాస్టిక్ పట్టీ ఉన్నదాని కంటే మేలు. మన ఉక్కపోతలో ఎలాస్టిక్ ఎంతోకాలం నిలవదు. లోపలి నింపుడు గురించి కూడా ఒక మాట. వాడకుండా బీరువాలో ఉంచిన బూట్ల అడుగులు రెండేళ్లకు పొడిపొడిగా రాలిపోవడం చూసే ఉంటారు. కొన్ని రకాల పాలీయురేథేన్ నురగను గాలిలోని తేమే విడగొట్టేస్తుంది. తీరప్రాంతంలో ఆ నురగ ఉన్న మెత్త కన్నా సహజ రబ్బరుదో ఫెల్టుదో ఎక్కువ కాలం ఉంటుంది.

తేమ సంగతి నింపుడుతో ఆగదు. గాలిలో తేమ 70 శాతం దాటి నిలిస్తే తోలు మీద బూజు పడుతుంది. కోనసీమలో వానాకాలమంతా అది మామూలే. తొడుగు లోపల చెమ్మ చెక్కను నల్లబరుస్తుంది, మడమ మరలను తుప్పు పట్టిస్తుంది. చెట్టు సరుకుతో శుద్ధి చేసిన తోలుకు ఇనుము తగిలితే టానిన్లతో కలిసి చెరగని నల్లమరక వేస్తుంది. పెడన కలంకారీలో కరక్కాయ పట్టించిన గుడ్డ మీద ఇనుప కషాయం నల్లగా దిగేది ఈ రసాయన చర్య వల్లే. అందుకే తాడు కన్నాలకు ఇత్తడి రింగులున్న తొడుగే కొనాలి. పని అయ్యాక తొడుగు తీసి నీడపట్టున గాలికి ఆరబెట్టాలి, ఎండలో కాదు. ఎన్నికలప్పుడు లైసెన్సు తుపాకుల్ని పోలీసు స్టేషన్లో డిపాజిట్ చేయమంటారు. 2024లో ఎన్నికల ప్రకటన మార్చి 16న వెలువడింది, ఫలితాలు జూన్ 4న వచ్చాయి. అన్ని వారాలు తోలు తొడుగు బిగించి ఉన్న బట్టు కింద ఏం జరుగుతుందో తీసి చూసేవాళ్లుండరు. స్టేషనుకు తీసుకెళ్లేముందే తొడుగు విప్పి, తుడిచి, ఇంట్లో విడిగా ఉంచుకోవాలి. తుపాకి తిరిగి వచ్చాక మళ్లీ తొడిగి, మొదటి తూటా వేసేముందు ఖాళీ తుపాకితోనే ముక్కుకీ బొటనవేలికీ మధ్య ఆ రెండు వేళ్ల ఖాళీని ఇంకోసారి చూసుకోవాలి. ఆరి ముడుచుకున్న తోలు, తేమకు ఉబ్బిన ఫెల్టు కలిసి కొలతను కొన్ని మిల్లీమీటర్లు మార్చేసి ఉండవచ్చు.